ఒకే ఇంటిపేరున్న ఫైళ్లన్నీ ఒకే కుటుంబమా?

పెళ్లి మండపంలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. ఫొటోగ్రాఫర్ షట్టర్ మీంచి వేలు తీయడు. ఆ ఒకటి రెండు సెకన్లలో కెమెరా పది పన్నెండు ఫ్రేములు తీసేస్తుంది. రా (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు), మామూలు జేపెగ్ రెండూ కావాలని సెట్టింగ్ పెట్టి ఉంటే ఒక్కో ఫ్రేముకు రెండేసి ఫైళ్లు. పక్కన నిలబడ్డ మేనమామ ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీస్తే బొమ్మ ఒక ఫైలు, దానితోపాటు వచ్చే మూడు సెకన్ల వీడియో మరో ఫైలు. వారం తర్వాత అందులోంచి ఎంచుకున్న ఒక్క ఫ్రేముకు రంగులు దిద్దిన టిఫ్, ఆల్బమ్ షీటు కోసం కత్తిరించిన జేపెగ్, వాట్సాప్‌లో పంపడానికి కుదించిన ఇంకో జేపెగ్ తయారవుతాయి. ఇంట్లోవాళ్లకు అది ‘జీలకర్ర బెల్లం ఫొటో’. హార్డ్‌డిస్కులో మాత్రం ముప్పై దాకా ఫైళ్లు.

ఈ ముప్పై ఒకదానికొకటి ఏమవుతాయో కంప్యూటర్‌కు తెలియదు. ఫోల్డర్ దృష్టిలో అవి విడివిడి వస్తువులు. అందుకే ఫొటోలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్లు చాలావరకు గ్రూపింగ్ అనో, స్టాకింగ్ అనో ఒక సదుపాయం ఇస్తాయి. కుండల దొంతరలా ఒకటి పైన కనిపిస్తుంది, మిగతావి కింద ఉంటాయి. లైట్‌రూమ్, డిజికామ్, డార్క్‌టేబుల్, ఫొటోప్రిజం అన్నిటిలోనూ ఇది ఏదో ఒక రూపంలో ఉంది. గూగుల్ ఫొటోస్ 2023 నవంబరులో తెచ్చింది. పైకి అన్నిచోట్లా ఒకే పనిలా కనిపిస్తుంది. అసలు తేడా రెండు ప్రశ్నల దగ్గర బయటపడుతుంది: ఈ ఫైళ్లు ఒకే గుంపువని ఏ ఆధారంతో తేల్చారు? తేల్చిన సంగతిని ఎక్కడ రాసిపెట్టారు? పదేళ్ల తర్వాత ఆ గ్రూప్ మిగులుతుందా, చెదిరిపోతుందా అన్నది రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఉంటుంది. అయినా ఎక్కువమంది మొదటిదానితోనే ఆగిపోతారు.

బంధాల్లో రకాలు

గ్రూప్ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు రకాల బంధాలు దాగి ఉన్నాయి. రా, జేపెగ్ జంటది కవల బంధం: ఒకే షట్టర్, ఒకే వెలుతురు, రెండు రూపాలు. బరస్ట్‌లో, అంటే షట్టర్ నొక్కి పట్టి గబగబా తీసినప్పుడు, వచ్చిన పన్నెండు ఫ్రేములది అన్నదమ్ముల వరస. ప్రతిదీ వేరే క్షణం, అందులో ఒకటే మేలైనది, మిగతావి పోయినా పెద్ద నష్టం లేదు. దిద్దిన టిఫ్‌కూ అసలు రా ఫైలుకూ మధ్య ఉన్నది తల్లీబిడ్డల బంధం. బిడ్డ పోతే మళ్లీ చేసుకోవచ్చు, తల్లి పోతే లేదు. పనోరమా కోసం పక్కపక్కనే తీసిన ఏడు ఫ్రేములు, హెచ్‌డీఆర్ (చీకటి, వెలుగు రెండూ కనిపించేలా కలిపిన బొమ్మ) కోసం వెలుతురు మార్చి తీసిన మూడు ఫ్రేములు మరో తీరు. విడిగా చూస్తే ఏదీ పూర్తి ఫొటో కాదు. అన్నీ ఉంటేనే ఒక బొమ్మ.

చాలా సాఫ్ట్‌వేర్లు వీటన్నిటినీ ఒకే దొంతరలో గంపగుత్తగా వేస్తాయి. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. బరస్ట్ దొంతరలో పైది ఉంచుకుని కిందివి చెరిపేయడం మంచి పద్ధతి. పనోరమా దొంతరలో అదే పని చేస్తే బొమ్మే పోతుంది. రెండూ తెర మీద ఒకేలా, మూల మీద ఒక చిన్న అంకెతో కనిపిస్తాయి. డిస్కులో చోటు చాలడం లేదని అర్ధరాత్రి కూర్చుని చెరిపేసే మనిషికి ఆ అంకె ఏ బంధాన్ని చెబుతుందో ఎలా తెలియాలి?

పేరు చెప్పే సాక్ష్యం

అన్నిటికన్నా పాత ఆధారం ఫైలు పేరు. దీనికి ఒక ప్రమాణమే ఉంది. కెమెరాలు కార్డు మీద ఫైళ్లను ఎలా అమర్చాలో చెప్పే డీసీఎఫ్ నియమాలు 1998లో జపాన్‌లో వచ్చాయి. ఏ కెమెరా కార్డు తెరిచినా డీసీఐఎం అనే ఫోల్డర్ కనిపించడానికి కారణం అదే. దాని కింద 100 నుంచి 999 వరకు అంకెతో మొదలయ్యే ఫోల్డర్లు ఉంటాయి. వాటిలో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు కలిసిన ఫైలు పేర్లు. ఒకే ఫోల్డర్‌లో ఒకే అంకె ఉన్న ఫైళ్లన్నీ కలిసి ఒక వస్తువు అని ఆ నియమాలే చెబుతున్నాయి. అంటే ఐఎంజీ_4521 అనే పేరుతో ఒక రా ఫైలు, ఒక జేపెగ్ ఉంటే అవి ఒకటేనని సాఫ్ట్‌వేర్ ఊహించడం లేదు, కెమెరా రాసిచ్చిన మాట చదువుతోంది.

తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత. ఫైళ్లదీ అదే వరస. చుక్కకు ముందున్నది ఇంటిపేరు, తర్వాతది సొంత పేరు. ఇంటిపేరు కలిస్తే చుట్టాలని అనుకోవడం సహజమే. కానీ ఒకే ఇంటిపేరుతో ఒకరికొకరు ఏమీ కాని కుటుంబాలు ఊరికి ఎన్నో. ఫైళ్ల విషయంలోనూ అంతే. నాలుగంకెల లెక్క 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. ఒక సీజన్‌లో వరసగా పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్ కెమెరాలో మాఘమాసంలో వచ్చిన 4521 వైశాఖంలో మళ్లీ వస్తుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండు వాడితే ఒకే రోజున, ఒకే పెళ్లిలో రెండు 4521లు. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే కంప్యూటర్ రెండోదాని పక్కన బ్రాకెట్లలో 2 అని చేరుస్తుంది. ఆ పేరు చూసిన సాఫ్ట్‌వేర్ ఇది మొదటిదాని నకలు అనుకునే వీలుంది. ఫొటోప్రిజంలో ఇలాంటి వరస పేర్లను బట్టి ఫైళ్లను ఒక దొంతరలో చేర్చే ఐచ్ఛికం ఉంది. ఒకే కెమెరా వాడేవాళ్లకు అది మేలు చేస్తుంది. రెండు కెమెరాల పెళ్లికి మాత్రం దాన్ని ఆపి ఉంచడమే క్షేమం.

దీనికి తిరకాసు కేసు కూడా ఉంది. నిజంగా ఒకే కుటుంబమైనా ఇంటిపేరు మారిపోవడం. ఐఫోన్ నుంచి కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌లోకి కాపీ చేసినప్పుడు, ఎడిట్ చేసిన ఫొటో పేరులో అంకెకు ముందు ‘ఈ’ అనే అక్షరం చేరుతుంది. ఐఎంజీ_4521 అసలుది, ఐఎంజీ_ఈ4521 దిద్దినది. వాటి పక్కన ఏ మార్పులు చేశారో రాసి ఉన్న ఏఏఈ అనే చిన్న ఫైలు, లైవ్ ఫొటో వీడియో. ఒక్క ఫొటోకు నాలుగు ఫైళ్లు, అందులో ఒకదాని పేరు మిగతావాటితో కలవదు. ఏఏఈ ఫైలు ఎందుకో తెలియక చాలామంది చెత్త అనుకుని తీసేస్తారు. కొన్ని కెమెరాల్లో రంగుల పరిధి (కలర్ స్పేస్) సెట్టింగ్‌ను ఎస్‌ఆర్‌జీబీ నుంచి అడోబీ ఆర్‌జీబీకి మార్చినా పేరు మొదట్లో అండర్‌స్కోర్ గీత వస్తుంది. అదీ డీసీఎఫ్ నియమమే. ఫంక్షన్ మధ్యలో ఎవరైనా ఆ సెట్టింగ్ మారిస్తే అదే కెమెరా ఫైళ్లు రెండు పేర్లతో విడిపోతాయి.

సైడ్‌కార్ ఫైళ్ల దగ్గరా ఇలాంటి చిక్కే. రా ఫైలులోని అసలు సమాచారాన్ని సాఫ్ట్‌వేర్లు మామూలుగా ముట్టుకోవు. చేసిన మార్పులను పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో రాస్తాయి. లైట్‌రూమ్ ఆ ఫైలుకు రా ఫైలు ఇంటిపేరు మాత్రమే పెడుతుంది. డార్క్‌టేబుల్ పూర్తి పేరు, అంటే చుక్క తర్వాతి భాగంతో సహా పెట్టి, చివర ఎక్స్‌ఎంపీ చేరుస్తుంది. రెండో పద్ధతే మెరుగు. ఇంటిపేరు ఒకటే అయిన రెండు ఫైళ్లకు రెండు సైడ్‌కార్లు తగువు లేకుండా ఉంటాయి. ఏ పద్ధతైనా, రా ఫైలు పేరును ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో మారిస్తే సైడ్‌కార్ తప్పిపోతుంది. గంటల తరబడి దిద్దిన రంగులు డిస్కులోనే ఉంటాయి, ఏ ఫొటోకు చెందినవో మాత్రం ఎవరికీ తెలియదు. పేరు మార్చాలంటే కుటుంబం మొత్తానికి ఒకేసారి మార్చాలి, అదీ ఆ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే.

గడియారాల గొడవ

పేరు తర్వాతి ఆధారం సమయం. ప్రతి కెమెరా ఫొటోలో ఎగ్జిఫ్ సమాచారంగా తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను రాస్తుంది. సెకనులో ఎన్నో భాగమో వేరే అరలో రాస్తుంది, అదీ అన్ని కెమెరాలూ రాయవు. లైట్‌రూమ్‌లో తీసిన సమయాన్ని బట్టి దొంతరలు కట్టే సదుపాయం ఉంది. రెండు ఫొటోల మధ్య ఎంత ఎడం ఉంటే కొత్త దొంతర మొదలుపెట్టాలో సున్నా నుంచి గంట దాకా జరిపి చెప్పవచ్చు.

చెప్పడం తేలిక, సరైన ఎడం ఎంచుకోవడం కష్టం. తలంబ్రాల ఘట్టం తీసుకుందాం. పావుగంట సేపు కెమెరా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఎడం ఒక నిమిషం అని పెడితే ఆ పావుగంటలోని వందల ఫొటోలన్నీ ఒకే దొంతర అయిపోతాయి. వరసగా ఉన్న ఏ రెండు ఫొటోల మధ్యా నిమిషం ఖాళీ లేకపోవడమే కారణం. మొదటి ఫొటోలో దోసిట్లో తలంబ్రాలు, చివరి ఫొటోలో అలసిపోయి కూర్చున్న పెళ్లికొడుకు, రెండూ ఒకే దొంతరలో. అదే ఎడాన్ని రెండు సెకన్లకు తగ్గిస్తే బరస్ట్‌లు చక్కగా విడిపోతాయి. కానీ ట్రైపాడ్ మీద ఒక్కొక్క ఫ్రేముకు సెట్టింగ్ మార్చుకుంటూ తీసిన హెచ్‌డీఆర్ ముక్కలు చెల్లాచెదురవుతాయి. ఒకే అంకె పెళ్లంతటికీ సరిపోదు. పని చేసే పద్ధతి ఒకటే: ముందు ఫొటోలను ఘట్టాలుగా విడగొట్టి, ఒక్కో ఘట్టానికి దాని నడకకు తగిన ఎడం పెట్టడం.

ఇదంతా ఒక్క గడియారం ఉన్నప్పటి మాట. పెళ్లిలో గడియారాలు చాలా ఉంటాయి. ఫోన్లు నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకుంటాయి కాబట్టి దాదాపు కలిసే ఉంటాయి. కెమెరాల్లో చాలావాటికి ఆ అలవాటు లేదు. డాలస్ నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు తన కెమెరాలో అమెరికా టైము మార్చకపోతే, ఫిబ్రవరిలో ఇక్కడికీ అక్కడికీ పదకొండున్నర గంటల తేడా. ఉదయం 10:48కి తీసిన మంగళసూత్రధారణ అతని కెమెరాలో ముందురోజు రాత్రి 11:18గా నమోదవుతుంది. అన్ని కార్డులూ కలిపి సమయం వరసలో పేరిస్తే, తాళి కట్టే ఫొటోలు పెళ్లికూతురు మెహందీ ఫొటోల మధ్య తేలతాయి. ఎగ్జిఫ్‌లో టైమ్‌జోన్ రాసే అర 2016లో వచ్చిన 2.31 కూర్పుతోనే చేరింది. అంతకుముందు కెమెరాల ఫొటోల్లో అది దేశం పేరు లేని గడియారపు అంకె మాత్రమే.

దీనికి విరుగుడు పాతదే, పక్కాగా పనిచేస్తుంది. ఫంక్షన్ మొదలయ్యే ముందు ప్రతి కెమెరాతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని సెకన్లు కనిపించేలా ఒక ఫొటో తీయాలి. తర్వాత ఆ ఫొటోలో కనిపించే సమయానికీ, కెమెరా రాసుకున్న సమయానికీ ఎంత తేడా ఉందో చూసి, ఎగ్జిఫ్‌టూల్ లాంటి ఉచిత సాధనంతో ఆ కెమెరా ఫైళ్లన్నిటినీ అంత జరపాలి. గ్రూప్ కట్టడానికి ముందే, పేర్లు మార్చడానికి ముందే ఇది జరగాలి. తప్పు సమయంతో కట్టిన దొంతరలను విప్పి మళ్లీ కట్టడం అన్నింటికన్నా విసుగు పని.

కంటికి ఒకేలా ఉంటే

పోలికను బట్టి గ్రూప్ చేసే పద్ధతి కొత్తగా వచ్చి, అందరినీ ఆకట్టుకుంటోంది. దీని లోపలి పని అంత గూఢమేమీ కాదు. ఒక తేలిక పద్ధతిలో ఫొటోను తొమ్మిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తుకు కుదించి, రంగు తీసేస్తారు. ప్రతి చుక్కా తన పక్కదానికన్నా వెలుగ్గా ఉందా, చీకటిగా ఉందా అని చూసి ఒకటో, సున్నానో రాస్తారు. అలా 64 గుర్తులు వస్తాయి. రెండు ఫొటోల గుర్తుల్లో ఎన్ని తేడాగా ఉన్నాయో లెక్కపెడితే, తక్కువ ఉంటే ఒకే బొమ్మ, ఎక్కువ ఉంటే వేరు. సైజు తగ్గించినా, జేపెగ్ నాణ్యత పడిపోయినా ఈ గుర్తులు పెద్దగా మారవు. అందుకే వాట్సాప్‌లో తిరిగి వచ్చిన నకలును ఇది ఇట్టే పట్టేస్తుంది. ఆ నకలులో ఎగ్జిఫ్ పోయి ఉంటుంది, పేరులో ఉండే తేదీ తీసిన రోజుది కాదు. సమయం, పేరు రెండూ చేతులెత్తేసిన చోట పోలికే దిక్కు.

కానీ అదే పోలిక పెళ్లి స్టేజీ దగ్గర బోల్తా పడుతుంది. అదే మండపం, అదే పూల తెర, మధ్యలో అదే జంట. పక్కకు వచ్చి నిలబడే చుట్టాలు మారుతుంటారు, అంతే. తొమ్మిదీ ఎనిమిది చుక్కల్లోకి కుదించాక బాబాయి కుటుంబానికీ, ఆఫీసు స్నేహితులకూ తేడా ఎంతో మిగలదు. మరోవైపు పనోరమా ముక్కలు నిజంగా ఒక కుటుంబమే అయినా, ఒకదానిలో గోపురం, ఒకదానిలో కోనేరు ఉంటే వాటికి పోలికే ఉండదు. కత్తిరించిన ఫొటోదీ అదే గతి. గుంపు ఫొటోలోంచి నాయనమ్మ ముఖం మాత్రం కోసి పెద్దది చేస్తే, ఆ కొత్త ఫొటో తల్లి ఎవరో పోలిక చెప్పలేదు.

ఇంకో లోపం గొలుసుది. మొదటిది రెండోదానిలా ఉంది, రెండోది మూడోదానిలా ఉంది, కాబట్టి మూడూ ఒక గ్రూప్ అని చేర్చుకుంటూ పోతే మొదటిదానికీ పదోదానికీ సంబంధం ఉండదు. పోలిక పద్ధతిని సూచన ఇచ్చే పనికి మాత్రం వాడుకుని, చివరి మాట మనిషికి వదిలేసే సాఫ్ట్‌వేర్‌ను నమ్మవచ్చు. తనంతట తానే కలిపి, తనంతట తానే చెరిపేసేదాన్ని కుటుంబ ఫొటోల దగ్గరికి రానివ్వకూడదు.

ఫైలు లోపలి గుర్తులు

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఫైలు లోపల ఉంటుంది. 2015లో ఐఫోన్ 6ఎస్‌తో లైవ్ ఫొటో వచ్చినప్పటి నుంచి, బొమ్మలోనూ వీడియోలోనూ ఒకే పొడవాటి గుర్తును ఆపిల్ రాస్తోంది. పేర్లు మారినా ఆ గుర్తు కలిస్తే అవి జంట. గూగుల్ దారి వేరు: మోషన్ ఫొటోలో వీడియోను జేపెగ్ చివర్లోనే అతికించేస్తుంది. విడిపోవడానికి రెండో ఫైలే లేదు. 2017లో ఐఫోన్లలోకి వచ్చిన హైఫ్ పద్ధతిలో ఒకే ఫైలు లోపల అనేక బొమ్మలు, ఏది ఎంత దూరంలో ఉందో చెప్పే లోతు సమాచారం కలిపి దాచే వీలుంది. ఎడిట్ చేసినవాటికి అడోబీ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీలో, ఈ ఫైలు ఏ మూలం నుంచి పుట్టిందో రాసే అరలు ఉన్నాయి. ఫొటోషాప్ వాటిని నింపుతుంది. అంటే తల్లీబిడ్డల బంధం రాసుకోవడానికి చోటు ఇరవై ఏళ్లకు పైగా ఉంది. దాన్ని చదివి గ్రూప్ కట్టే సాఫ్ట్‌వేర్లే తక్కువ. ఇది నిజంగా బాధ కలిగించే సంగతి.

రాసిపెట్టిన చోటు

ఇప్పుడు రెండో ప్రశ్న. లైట్‌రూమ్ క్లాసిక్‌లో చేత్తో కట్టిన దొంతరలు కేటలాగ్ అనే డేటాబేస్ ఫైలులోనే ఉంటాయి. ఎక్స్‌ఎంపీలోకి రావు. రేటింగ్, కీవర్డ్, రంగుల దిద్దుబాటు అన్నీ బయటి ఫైళ్లలో రాయించవచ్చు, దొంతర మాత్రం రాదు. ఫైలును కాపీ చేయకుండానే ఒకే ఫొటోకు ఇంకో దిద్దుబాటును చూపే వర్చువల్ కాపీలదీ ఇదే కథ. డిజికామ్‌లోనూ గ్రూపులు దాని డేటాబేస్‌లోనే ఉంటాయి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారితే ఫొటోలు వస్తాయి, పదేళ్లు కూర్చుని కట్టిన బంధాలు రావు. గూగుల్ ఫొటోస్ నుంచి అన్నీ దించుకుంటే ఫొటో పక్కన తేదీ, వివరణ లాంటివి రాసి ఉన్న జేసన్ అనే ఫైలు వస్తుంది. ఫైలు పేరు పొడవైతే జేసన్ పేరు మధ్యలో తెగిపోయి జత కలవదు.

దొంతర కట్టిన తర్వాత జరిగే పొరపాటు ఇంకోటుంది. లైట్‌రూమ్‌లో మూసి ఉన్న దొంతరకు రేటింగో, జెండానో పెడితే అది పైనున్న ఫొటోకే అంటుతుంది, కిందివాటికి కాదు. మొత్తానికి పెట్టాననుకునే మనిషికి ఏడాది తర్వాత వెతికితే దొరకదు. డిజికామ్‌లో ఇలాంటప్పుడు గ్రూప్ మొత్తానికి చేయాలా, పైదానికేనా అని అడిగేలా పెట్టుకోవచ్చు. ఒక్కోసారి ఆ ప్రశ్న విసుగు తెప్పిస్తుంది. అయినా దాన్ని ఆపకపోవడమే మంచిది.

డేటాబేస్ మీద మాత్రమే ఆధారపడకుండా, బంధాన్ని పేరులోనే రాయడం ఇప్పటికీ అన్నింటికన్నా నమ్మకమైన దారి. గడియారాలు సరిచేశాక తేదీ, సమయం, ఏ కెమెరానో చెప్పే చిన్న గుర్తు, చివర అసలు అంకె కలిపి ఇంటిపేరుగా పెట్టాలి. అప్పుడు రెండు 4521లు ఎప్పటికీ కలవవు. దిద్దినదానికి అదే ఇంటిపేరు ఉంచి, చివర ‘ఎడిట్’ అనో, ‘ఆల్బమ్’ అనో చేర్చాలి. పనోరమా, హెచ్‌డీఆర్ ముక్కలకు ‘పనో 3లో 1’ అన్నట్టు రాస్తే, ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఉత్త ఫోల్డర్ చూసిన మనిషికి కూడా అర్థమవుతుంది. గ్రూప్ పేరునే కీవర్డ్‌గా ప్రతి ఫైలులో రాస్తే ఇంకో రక్షణ దొరుకుతుంది. దొంతర పోయినా ఆ కీవర్డ్‌తో వెతికి పది నిమిషాల్లో మళ్లీ కట్టుకోవచ్చు. బరస్ట్‌లకు ఇంత శ్రమ అక్కర్లేదు. అవి మళ్లీ సమయంతో దొరుకుతాయి.

ఈ శ్రమ నిజంగా అవసరమయ్యేది పాత ఫొటోలు స్కాన్ చేసేటప్పుడు. స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటోల వెనక నీలం సిరాతో పేర్లు, ఊరు, సంవత్సరం రాసి ఉండటం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ముందువైపు ఒక ఫైలు, వెనకవైపు ఒక ఫైలు. వాటికి పోలిక లేదు. ఎగ్జిఫ్‌లో సమయం ఉన్నా అది స్కాన్ చేసిన రోజుది. అన్ని ముందువైపులూ ఒక రోజు, అన్ని వెనకవైపులూ మరో రోజు స్కాన్ చేస్తే అదీ పనికిరాదు. ఎప్సన్ ఫాస్ట్‌ఫొటో లాంటి స్కానర్లు వెనకవైపు ఫైలుకు అదే పేరు ఉంచి చివర ‘బి’ చేరుస్తాయి. మామూలు స్కానర్ మీద చేసేవాళ్లు ఆ అక్షరాన్ని తామే, ఫొటో ఇంకా చేతిలో ఉండగానే టైప్ చేయాలి. ఫొటోను తిరిగి అట్టపెట్టెలో పెట్టేశాక ‘స్కాన్ 0213’ ఎవరి వెనకవైపో కంప్యూటర్ చెప్పలేదు. ఆ చేతిరాతను గుర్తుపట్టగలిగిన అమ్మమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్లే దానికి జవాబు దొరుకుతుంది.